అజీర్తి – ఒంటి చక్కెర: మూడవ పాఠం
భోజనం తరువాతి బరువును గడియారంతో లెక్కించడం

ఏమి తిన్నామో, ఏ వేళకు తిన్నామో రాసుకోవడం గత రెండు పాఠాలలో అలవాటు చేసుకున్నాము. ఈసారి ఆ నోటుపుస్తకంలో మరో రెండు గడులు గీయాలి.

మొదటి గడిలో, భోజనం ముగిసినప్పటి నుండి కడుపు తేలికపడేవరకు పట్టిన గంటలు రాయండి. కొవ్వు తక్కువగా ఉన్న భోజనంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు 4 గంటలలో జీర్ణాశయాన్ని దాటిపోతాయి. కొబ్బరిపాలు పోసిన కూరో, నూనె తేలిన రొయ్యల ఇగురో తిన్ననాడు కొంత ఆలస్యం సహజం కనుక, పండుగనాటి బరువును లెక్కలోకి తీసుకోవద్దు. పప్పు, కూర, మజ్జిగతో ఒంటిగంటకు తిన్న మామూలు భోజనం రాత్రి 7 గంటలకు కూడా కదలనట్లుంటే, లేదా నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంటే, ఆ రోజుకు ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి.

మన కోనసీమ ఇళ్లలో దీన్ని ‘గ్యాస్’ అని తేల్చేసి మందులషాపులో మాత్ర కొనుక్కోవడం పరిపాటి. మా ఇంట్లో ఒక పెద్దావిడ అలా చాలాకాలం మాత్రలు మింగిన తరువాతే చక్కెర పరీక్ష చేయించాము. అప్పటికే అది బాగా పెరిగి ఉంది. ఆ ఆలస్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది, ఈ పాఠాలకు కారణమూ అదే. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు జీర్ణాశయం కదలిక మందగిస్తుంది. ఏళ్ల తరబడి అదుపు తప్పితే, దానిని నడిపించే వేగస్ నాడి దెబ్బతిని ఆ మందకొడితనం స్థిరపడవచ్చు. అప్పుడు అన్నం ఎప్పుడు పేగులోకి దిగుతుందో తెలియదు కనుక, భోజనానికి ముందు వేసుకున్న ఇన్సులిన్ తొందరపడి చక్కెరను పడగొట్టవచ్చు, ఆ తరువాత ఆలస్యంగా దిగిన అన్నం దానిని ఒక్కసారిగా పెంచవచ్చు.

అయితే అజీర్తి ఉన్నవారందరికీ షుగర్ ఉన్నట్లు కాదు. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి, నొప్పి మాత్రలు, షుగరుకే వాడే మెట్‌ఫార్మిన్ కూడా కడుపును ఇబ్బంది పెట్టగలవు. అందువల్ల వేసుకున్న మందులనూ అదే వరుసలో రాయండి.

రెండవ గడి నడుము కొలతకు. నిలబడి, మామూలుగా ఊపిరి వదిలిన తరువాత, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన టేపు చుట్టాలి. పంచె లేక చీర కట్టుకునే చోట కొలిస్తే లెక్క తప్పుతుంది. మన దేశంలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు హద్దు. అది దాటితే పొట్టలోని కొవ్వు ఇన్సులిన్ పనిని మొద్దుబారుస్తుంది. ఆ కొవ్వే జీర్ణాశయాన్ని పైకి నొక్కి, పుల్లటి తేన్పులకూ గుండెల్లో మంటకూ దారితీస్తుంది.

వారంలో మూడు ఎర్ర గుర్తులు పడినా, నడుము హద్దు దాటినా, పరగడుపు చక్కెర పరీక్ష చేయించండి. 100 నుండి 125 వరకు వస్తే షుగర్ పొంచి ఉన్నట్లు. 126, ఆపైన వస్తే మరో పరీక్షతో వైద్యుడు నిర్ధారించాలి. నల్లటి విరేచనం, మింగలేకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఈ వారం లెక్క కోసం ఆగవద్దు. చెమటలతో ఛాతీ బరువెక్కితే గ్యాస్ అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

తరువాతి పాఠానికి ఏడు రోజుల గంటలూ, ఒక నడుము కొలతా సిద్ధంగా ఉంచుకోండి. అన్నానికి ముందు కూర, పప్పు తింటే ఈ గడులలోని అంకెలు ఎలా మారతాయో అప్పుడు చూద్దాము.