బీగిల్ సంకరం కుక్క చెవుల వాసన పోయిందిలా

మా బీగిల్ సంకరానికి చెవులు వేలాడతాయి, లోపల గాలి ఆడదు. వానాకాలంలో తడి నిలిచి ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం) పెరుగుతుంది: గోధుమరంగు గులిమి, పులిసిన వాసన, అస్తమానం తల విదిలించడం. ఇయర్ బడ్స్ వద్దే వద్దు. కుక్క చెవి లోపల ఎల్ అక్షరంలా మలుపు తిరుగుతుంది, బడ్ గులిమిని ఆ మలుపులోకే నెడుతుంది. కుక్కల ఇయర్ క్లీనర్‌ను చెవి నిండేదాకా పోసి, చెవి మొదట్లో అర నిమిషం పిసకాలి. లోపల చప్పుడు వినపడాలి. తర్వాత తల విదిలించనివ్వండి (గోడకు దూరంగా!). పైకి వచ్చింది మాత్రమే దూదితో తుడవాలి. ఇది వారానికోసారి, స్నానం చేయించినప్పుడల్లా. కొబ్బరినూనె పోయకండి, అదీ లోపలే నిలుస్తుంది. చీము, నొప్పి ఉన్నా, తల ఒక పక్కకు వాల్చినా క్లీనర్ కూడా ఆపి పశువైద్యుడికి చూపించాలి. కర్ణభేరికి చిల్లు పడి ఉండొచ్చు.