బుడమేరు పనుల మీద ఆర్టీఐ వేయాలంటే

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరి పేట మునిగాక గట్ల గురించి, డ్రెయిన్ల గురించి, ఆక్రమణల గురించి బోలెడు మాటలు విన్నాం. వాటిలో ఏది కాగితం మీదకెక్కింది, ఏది మాటగానే మిగిలింది? ఇది తేల్చుకోవడానికి లాయర్ అక్కర్లేదు, తెల్ల కాగితం మీద తెలుగులో సమాచార హక్కు దరఖాస్తు రాస్తే చాలు.

బుడమేరు మీది వెలగలేరు రెగ్యులేటర్, కృష్ణలోకి నీళ్లు మళ్లించే డైవర్షన్ ఛానల్, దాని గట్లు జలవనరుల శాఖవి. వీధి డ్రెయిన్లు కార్పొరేషన్‌వి, భూమి రికార్డులు తహశీల్దార్ దగ్గర ఉంటాయి. పొరపాటున వేరే ఆఫీసుకు ఇచ్చినా "మాది కాదు" అని తిప్పి పంపకూడదు, సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో వాళ్లే సరైన చోటికి పంపాలి.

అసలు కిటుకంతా ప్రశ్న రాయడంలోనే ఉంది. "పని ఎందుకు చేయలేదు?" అని కోపంగా రాశారనుకోండి, అది సమాచారం కిందకు రాదని ఒక్క లైన్లో తేల్చేస్తారు, చట్టం ప్రకారం అది సరైన జవాబే కూడా. ఫైల్లో ఉన్న కాగితం పేరు పెట్టి అడగాలి. డైవర్షన్ ఛానల్ ఎడమ గట్టు పనులకు ఇచ్చిన పరిపాలనా అనుమతి, కాంట్రాక్టర్‌తో ఒప్పందం, చెల్లించిన బిల్లులు, ముఖ్యంగా ఎం-బుక్ (కొలతల పుస్తకం) నకళ్లు అడగండి. ఎంత పని జరిగిందని కొలిచి బిల్లు పెట్టారో ఎం-బుక్‌లోనే ఉంటుంది.

ఆక్రమణల జాబితా అడిగేవాళ్లు ఇంకో రెండు ప్రశ్నలు తప్పకుండా కలపండి: సర్వే నంబర్ల వారీగా ఎవరెవరికి నోటీసులు ఇచ్చారు, ఇళ్లు పోయేవాళ్లకు పునరావాసం మీద ఏ ఉత్తర్వులున్నాయి. అలాగే ఆ సర్వే నంబర్లలో ఇచ్చిన ప్లాన్ అప్రూవల్స్ కూడా. ఇవి అడక్కపోతే మీరు కష్టపడి తెప్పించిన జాబితా పట్టుకునే గట్టు మీది గుడిసెలు ముందు పీకేస్తారు, పక్కన అనుమతులున్న అపార్ట్‌మెంట్ జోలికి ఎవరూ పోరు.

ఫీజు మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు కార్డు జిరాక్స్ జత చేస్తే ఫీజు ఉండదు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు కాబట్టి ఫైలు లావుగా ఉంటే అక్కడికే వెళ్లి చూస్తామని రాయండి, మొదటి గంట ఉచితం. చాలామందికి తెలియనిది, సెక్షన్ 2(జె) కింద జరుగుతున్న పనిని స్వయంగా పరిశీలించి, వాడిన మెటీరియల్ నమూనా కూడా తీసుకోవచ్చు.

30 రోజుల్లో జవాబు రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. ఇదంతా నెలల వ్యవహారం, అందుకని వానలు మొదలయ్యాక కాదు, సంక్రాంతి అవగానే వేసేయండి. మీరిచ్చిన దరఖాస్తు కాపీ మీద ఆఫీసు సీలు, తేదీ వేయించుకోవడం మాత్రం మర్చిపోవద్దు, గడువు లెక్క దాంతోనే.

మధ్యలో ఎవరైనా ఫోన్ చేసి "ఇదంతా మీకెందుకండీ?" అంటే టెన్షన్ పడకండి. కారణం చెప్పనక్కర్లేదని సెక్షన్ 6(2)లోనే ఉంది, చెప్పాల్సిందేదైనా ఉంటే రాతపూర్వకంగా పంపమనండి.