ఇంటి ఆర్కేడ్ మిషనులో హోరు, తెర మీద పట్టీలు: మూలం పట్టుకునే పద్ధతి

ఇంట్లో పెట్టుకున్న ఆర్కేడ్ మిషను, అంటే నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పెట్టె, ఆన్ చేయగానే ఆట సంగీతం కన్నా ముందు స్పీకర్లోంచి గుయ్యిమనే హోరు వినిపించడం, తెర మీద లేత నల్లటి పట్టీలు కదలడం ఈ అభిరుచి ఉన్నవారికి బాగా పరిచయమైన బాధే. అప్పుడు చాలామంది మొదట స్పీకరు మారుస్తారు, తరువాత ఆంప్లిఫయరు మారుస్తారు, చివరికి ఆటను నడిపే సర్క్యూట్ పలకను, అంటే గేమ్ బోర్డునే అనుమానిస్తారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువసార్లు వీటిలో ఉండదు, గ్రౌండు తీగలో ఉంటుంది. కరెంటు బోర్డుకు వెళ్లే దారిని అందరం శ్రద్ధగా చూస్తాం గానీ, అది తిరిగివచ్చే దారిని, అంటే ఈ గ్రౌండును, పట్టించుకోము.

పనికి దిగే ముందు ఒక హెచ్చరిక. పిక్చర్ ట్యూబు ఉన్న మిషనులో ట్యూబు మీది రబ్బరు మూత కింద, స్విచ్ ఆపిన తరువాత కూడా, 20 వేల వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. పవర్ సప్లైలో చార్జిని నిల్వ ఉంచే పెద్ద కెపాసిటరులో సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది. ట్యూబు చార్జి తీయడం ఎన్నడూ చేయనివారు ఆ భాగాన్ని టీవీ మెకానిక్‌కు వదిలేయాలి. కింద చెప్పే పరీక్షల్లో ఎక్కువ భాగానికి దాన్ని ముట్టుకోనవసరం లేదు.

మొదటి పని వినడం. వాల్యూమ్ తగ్గించినప్పుడు హోరు కూడా తగ్గితే, అది వాల్యూమ్ కంట్రోలుకు ముందే, అంటే బోర్డు నుంచి గానీ సంకేతం తెచ్చే తీగల నుంచి గానీ ప్రవేశిస్తోందని అర్థం. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా అది అలాగే ఉంటే ఆంప్లిఫయరును, దాని సప్లైని చూడాలి. మోత స్వభావం కూడా దారి చూపుతుంది. మెత్తగా, లోతుగా ఉండే 50 హెర్ట్జ్ హోరు సాధారణంగా ట్రాన్స్‌ఫార్మరు అయస్కాంత క్షేత్రం వల్లో, గ్రౌండు చుట్టు (గ్రౌండ్ లూప్) వల్లో, అంటే గ్రౌండుకు రెండు దారులుండి వాటి మధ్య కరెంటు తిరగడం వల్లో వస్తుంది. గరగరలాడే 100 హెర్ట్జ్ మోతకు ఎక్కువగా, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు తరువాతి ఫిల్టర్ కెపాసిటరు ఎండిపోవడమే కారణం. తెర మీద తెల్లటి దృశ్యం వచ్చినప్పుడల్లా మోత పెరుగుతుంటే, తెర, శబ్దం ఒకే గ్రౌండు తీగను పంచుకుంటున్నాయని దాదాపు నిశ్చయించుకోవచ్చు.

తరువాత మిషను మూత తీయకుండానే ఇల్లు పరీక్షించాలి. గదిలోని ఫ్యాను రెగ్యులేటరును ఒకసారి పూర్తిగా తిప్పి చూడండి. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కరెంటు అలను మధ్యలో కోయడం వల్ల సెకనుకు 100 సార్లు చిటచిట పుట్టిస్తాయి. నేను రెండు ఆదివారాలు ఆంప్లిఫయరుతో కుస్తీపట్టిన తరువాత గానీ, దోషి నా తల మీదే తిరుగుతోందని తెలియలేదు. కరెంటు పోయినప్పుడు మాత్రమే మోత ఎక్కువైతే స్క్వేర్ వేవ్ ఇన్వర్టరే కారణం. అలాంటప్పుడు మిషను తప్పేమీ లేదు. మిషను టీవీకి కలిపి ఉంటే కేబుల్ కనెక్షన్ వైరును టీవీ నుంచి తీసి చూడాలి, ఎందుకంటే వీధి నుంచి వచ్చే ఆ తీగ తన వెంట వేరొక గ్రౌండును తెస్తుంది.

ఎర్తింగ్ సంగతి వేరుగా చెప్పాలి. మన పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్టు ఉన్నా మూడో పిన్నుకు వెనక తీగ లేని సందర్భాలు తక్కువేమీ కాదు. అలాంటి చోట స్విచింగ్ పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లు మిషను లోహ భాగాలను సగం మెయిన్స్ వోల్టేజికి, అంటే సుమారు 115 వోల్టులకు తేలుస్తాయి. నాణేలు వేసే లోహపు తలుపు (కాయిన్ డోరు) ముట్టుకుంటే జివ్వుమనడానికి, స్పీకరు హోరెత్తడానికి కారణం ఇదే. ఎలక్ట్రీషియన్ చేత ఎర్తు వేయించడం ఒక్కటే దీనికి పరిష్కారం. కొందరు హోరు పోగొట్టడానికి ఉన్న ఎర్తు పిన్నునే విరిచేస్తారు. హోరు పోవచ్చు, కానీ సప్లై చెడిన రోజున పిల్లలు పట్టుకునే జాయ్‌స్టిక్ పలకకే ఫేజు తగులుతుంది.

ఇప్పుడు మిషను లోపలికి వద్దాం. గేమ్ బోర్డును మిషను తీగలకు ఎలా కలపాలో నిర్ణయించే, జపానులో 1985లో వచ్చిన జమ్మా (JAMMA) ప్రమాణం ప్రకారం బోర్డు అంచున 56 పిన్నులు ఉంటాయి. వాటిలో 8 గ్రౌండుకే కేటాయించారు. అన్ని ఎందుకో ఒక లెక్క చెబుతుంది. 0.2 చదరపు మిల్లీమీటర్ల సన్నని తీగ 1.5 మీటర్లు ఉంటే దాని నిరోధం సుమారు 0.13 ఓమ్, దానిలో 3 ఆంపియర్లు తిరిగివస్తే తీగ రెండు కొసల మధ్య దాదాపు 0.4 వోల్టు తేడా పుడుతుంది. వీజీఏ తెరకు (కంప్యూటరు మానిటరు రకానికి) వెళ్లే వీడియో సంకేతం గరిష్ఠంగా 0.7 వోల్టే కదా, ఇక ఆ తేడాలోని చిన్న కదలిక కూడా తెర మీద కనబడక మానదు. అదే పొడవున 1 చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే తేడా 0.08 వోల్టుకు తగ్గుతుంది.

దీన్ని కొలవడం సులభం. ఆట నడుస్తుండగా మల్టీమీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక మొనను పవర్ సప్లై 5 వోల్టుల గ్రౌండు స్క్రూ మీద, రెండోదాన్ని బోర్డు అంచున ఉన్న గ్రౌండు మీద ఆనించండి. వంద మిల్లీవోల్టులు దాటితే తీగో కనెక్టరో సరిగా లేదు. ముందు స్విచ్ ఆపి, బోర్డు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అయినా తగ్గకపోతే మందమైన తీగలను సప్లై నుంచి ఆ 8 పిన్నులకూ వేయండి. ఆంప్లిఫయరు గ్రౌండు, లైట్ల గ్రౌండు, బోర్డు గ్రౌండు ఒకదాని నుంచి ఒకటి గొలుసులా సాగకుండా, ప్రతిదీ విడిగా సప్లై గ్రౌండు స్క్రూ దగ్గరకే రావాలి.

స్పీకరు విషయంలో ఒక పొరపాటు బోర్డునే చంపుతుంది. జమ్మాలో 10వ పిన్ను, దానికి ఎదురుగా వెనకవైపున ఉన్న ఎల్ పిన్ను స్పీకరుకు చెందినవి. ఎల్ పిన్నును మైనస్ అంటారు గనుక అది గ్రౌండే అనుకుని సప్లై గ్రౌండుకు కలిపేవారున్నారు. బ్రిడ్జి పద్ధతి ఆంప్లిఫయరున్న బోర్డుల్లో, అంటే స్పీకరు రెండు తీగల్లోనూ సంకేతమే ఉండి ఏదీ గ్రౌండు కాని వాటిలో, అలా కలిపితే ఆంప్లిఫయరు ఐసీ కాలిపోతుంది. స్పీకరు రెండు తీగలనూ మెలిపెట్టి నేరుగా స్పీకరుకే తీసుకెళ్లాలి.

తెర సంగతికి వస్తే, అమెరికా నుంచి వచ్చే సలహాలు పట్టీలు నెమ్మదిగా పైకి పాకుతాయని చెబుతాయి. అక్కడ మెయిన్స్ 60 హెర్ట్జ్, తెర కూడా దాదాపు 60 గనుక అలా జరుగుతుంది. మన మెయిన్స్ 50 హెర్ట్జ్ కావడంతో అదే లోపం ఇక్కడ సెకనుకు పదిసార్లు బొమ్మ వణకడంగా కనిపిస్తుంది. వణుకు కనబడితే ట్రాన్స్‌ఫార్మరును ట్యూబుకు దూరంగా జరిపి చూడండి. తగ్గకపోతే మానిటరు ఫిల్టర్ కెపాసిటరును అనుమానించండి. ఏటవాలు సన్నగీతలు స్విచింగ్ సప్లై నుంచి వస్తాయి కాబట్టి వీడియో తీగలను సప్లైకి దూరంగా నడిపించాలి, 14వ పిన్నులోని వీడియో గ్రౌండును వాటితో పాటే మానిటరు దాకా తీసుకెళ్లాలి. ఒక మూల రంగు మారి కదలకుండా నిలిస్తే అది స్పీకరు అయస్కాంతం పని, కరెంటుతో దానికి సంబంధం లేదు.

గేమ్ బోర్డు బదులు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు పెట్టి కట్టుకున్న మిషనులో ఆంప్లిఫయరు, ఆ కంప్యూటరు ఒకే 5 వోల్టుల సప్లైని పంచుకున్నప్పుడు కీచుమనే మోత వస్తుంది. ఆంప్లిఫయరును కాసేపు పవర్ బ్యాంకుతో నడిపి చూడండి. మోత మాయమైతే గ్రౌండు చుట్టే కారణం. ఆంప్లిఫయరుకు విడి సప్లై గానీ, శబ్దపు తీగలో రెండు గ్రౌండులను విడదీసే చిన్న ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు గానీ చాలు.

మందమైన తీగలు వేసిన మిషనును వెంటనే ఆన్ చేయకండి. పాత సన్నని తీగల్లో పోయే వోల్టేజిని పూడ్చడానికి ఎవరో సప్లైలో వోల్టేజి సర్దే స్క్రూను ఎక్కువకు తిప్పి ఉండవచ్చు. ఇప్పుడు ఆ అదనమంతా బోర్డుకే చేరుతుంది. ముందు ఆ స్క్రూను కాస్త తగ్గించి, ఆ తరువాత ఆట నడుస్తుండగా బోర్డు అంచు దగ్గరే కొలుస్తూ 5.0 నుంచి 5.1 వోల్టుల మధ్యకు తీసుకురావాలి.