కొత్త ఇంటివాళ్ళు ఊళ్ళో కలవాలంటే

బెంజి సర్కిల్ దగ్గర బందరు రోడ్డు పట్టుకుని వస్తే కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు దాటాక రెండు పక్కలా లేఅవుట్ల బోర్డులే కనపడతాయి. కంకిపాడు రాకముందే లోపలికి తిరిగే చిన్న రోడ్డు మీద మా ఊరు. ఇక్కడి బ్రాంచి పోస్టాఫీసులో పోస్టుమాస్టర్ని నేను. పాత ఊరంటే రెండు వీధులు, రామాలయం, చర్చి, చెరువు, చెరువు అవతల పేట. వాటికి తూర్పున చెరుకు, వరి పండిన చేలల్లో ఇప్పుడు కొత్త ఇళ్ళు లేచాయి. ఆ ఇళ్ళవాళ్ళు చాలామంది పొద్దున్నే విజయవాడ వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. ఏళ్ళు గడిచినా ఊరికి వాళ్ళెవరో తెలియదు, వాళ్ళకి ఊరు తెలియదు. వీధిలైటు పోయినా, పిల్లాడికి రాత్రిపూట జ్వరం వచ్చినా ఎవరిని పిలవాలో తోచదు.

మొదటి ఏడాదిలో చేసుకోవాల్సిన పనులు చేసుకుంటే ఈ ఎడం రాదు. బెజవాడ చుట్టూ ఏ ఊళ్ళో ఇల్లు కట్టుకున్నా ఇవే పనులు.

ముందు స్థలం సంగతి. ఎండాకాలంలో చూసి బయానా ఇవ్వకండి. మనది డెల్టా. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేస్తారు, అప్పుడు ఏ స్థలమైనా గట్టిగా, ఎత్తుగానే కనపడుతుంది. జూన్, జులైల్లో నీళ్ళు వదిలాక పొలాలకి నీళ్ళు తీసుకెళ్ళే చిన్న కాలువలు, అంటే బోదెలు, నిండుతాయి, నాట్లు పడతాయి, భూమిలో ఊట పైకొస్తుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఒక వానపడ్డ మర్నాడు వచ్చి చూడండి. నీళ్ళు ఎటునుంచి ఎటు పోతున్నాయో కాళ్ళతో నడిచి చూడండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. అదే సమయానికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది, కరకట్ట లోపలి ఇళ్ళు మునిగాయి. ఆ రోజుల్లో ఈ స్థలం దగ్గర నీళ్ళు ఎంతవరకు వచ్చాయని అడగండి. బ్రోకర్ని కాదు, పక్క చేలో పని చేసుకుంటున్న మనిషిని అడగండి. ఆయనకి ఈ అమ్మకంలో వచ్చేదీ లేదు, పోయేదీ లేదు.

స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ, పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్డీఏ) అప్రూవల్, సర్వే నంబరు రిజిస్ట్రేషను చేయకూడని 22-ఎ నిషేధ జాబితాలో ఉందా లేదా, ఇవన్నీ లాయరు చూసి పెడతాడు. లాయరు అంతగా పట్టించుకోనిది ఒకటుంది, అది మీరే చూసుకోవాలి. లేఅవుట్ వేసినవాళ్ళు పదో వంతు స్థలం ఖాళీగా వదిలి పంచాయతీకి రాసివ్వాలి. ఆ రాసివ్వడం జరిగిందా అని పంచాయతీ కార్యాలయంలో అడగండి. జరగకపోతే బ్రోచర్లో పార్కు అని చూపించిన జాగా కొన్నాళ్ళకి ప్లాట్లుగా మారుతుంది. మీ పిల్లలు ఆడుకునేదీ, వినాయకుడి పందిరి వేసేదీ, రేపు పెళ్ళికి షామియానా వేసేదీ ఆ జాగాలోనే.

ఇల్లు మొదలుపెట్టాక ఊరితో మొదటి తగాదా ఎక్కడ వస్తుందో చెబుతాను. గేటు ముందు ర్యాంపు దగ్గర. రోడ్డుకీ మీ స్థలానికీ మధ్య ఒక సన్నటి బోదె ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి అది మురుగు కాలవలా కనపడుతుంది. కారు లోపలికి వెళ్ళాలని దాంట్లో ఒక ఆరంగుళాల గొట్టం వేసి, పైన మట్టి పోసి, సిమెంటు చేసేస్తారు. శ్రావణంలో నీళ్ళు జోరుగా వచ్చినప్పుడు గుర్రపుడెక్క, క్యారీ బ్యాగులు, కొబ్బరి మట్టలు వచ్చి ఆ గొట్టం మూతికి అడ్డం పడతాయి. లోపల ఇరుక్కున్నదాన్ని తీయడానికి చెయ్యి పట్టదు, కర్ర వంగదు. దాంతో పైనున్న మడి మునుగుతుంది, కిందున్న మడి ఎండుతుంది. రైతు వచ్చి పలుగుతో ర్యాంపు పగలగొడతాడు, మీరు పోలీసు స్టేషనుకి వెళతారు. ఆ తర్వాత పదేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

అందుకని గొట్టం వద్దు. బోదె వెడల్పంతా వదిలేసి రెండు పక్కలా ఇటుక గోడ కట్టించి, పైన తీసి పెట్టుకోవడానికి వీలుగా విడివిడి పలకలు వేయించండి. ఖర్చు కొంచెం ఎక్కువవుతుంది. పని మొదలుపెట్టేముందు ఆ బోదె కింద పొలమున్న రైతుని పిలిచి, “ఎంత లోతు ఉండాలి బాబాయ్, మీరే చెప్పండి” అని ఆయన ఎదురుగా తాపీమేస్త్రికి చెప్పండి. ఆ ఒక్క మాట విలువ నేను చాలా ఇళ్ళ విషయంలో చూశాను. రేపు మీ మోటారు కాలిపోయిన రాత్రి టార్చి పట్టుకొచ్చేది ఆ మనిషే.

ఇక చిరునామా. ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. కొత్త కాలనీల ఉత్తరాలు ఎక్కువగా ప్లాటు నంబరుతో వస్తాయి. ప్లాటు నంబరు లేఅవుట్ వేసినవాళ్ళ కాగితంలోది, అదే నంబరు పక్క లేఅవుట్లో కూడా ఉంటుంది. మీకు కావాల్సింది పంచాయతీ డోరు నంబరు. ఇల్లు పూర్తవగానే సచివాలయానికి వెళ్ళి ఇంటి పన్నుకి దరఖాస్తు పెట్టుకోండి. ప్లాను, రిజిస్ట్రేషను కాగితాల నకళ్ళు, ఆధార్ పట్టుకెళ్ళండి. పన్ను కట్టిన రసీదు జాగ్రత్తగా దాచండి, కుళాయి కనెక్షనుకీ, రేపు బ్యాంకు లోనుకీ అదే అడుగుతారు.

రెండో పొరపాటు పిన్‌కోడుతో వస్తుంది. 1972 ఆగస్టు 15 నుంచీ పిన్‌కోడు ఉంది, కానీ చాలామంది అది ఒక్క ఊరికే అనుకుంటారు. మాలాంటి బ్రాంచి పోస్టాఫీసులకి సొంత పిన్‌కోడు ఉండదు, పై సబ్ పోస్టాఫీసుదే మాకూ. ఒకే పిన్‌కోడు కింద ఎన్నో ఊళ్ళు ఉంటాయి. ఊరి పేరు రాయకుండా కాలనీ పేరూ పిన్‌కోడూ రాస్తే ఆ ఉత్తరం సబ్ పోస్టాఫీసులో ఏ ఊరి సంచిలో వేయాలో తెలియక ఆగిపోతుంది. మూడోది జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది, కంకిపాడు మండలం కృష్ణా జిల్లాలోనే ఉంది. మీ ఉద్యోగం విజయవాడలోనే కావచ్చు, కలెక్టరేటు మాత్రం బందరులో. ఇలా రాయండి (బి.ఓ. అంటే బ్రాంచి పోస్టాఫీసు, ఎస్.ఓ. అంటే సబ్ పోస్టాఫీసు):

ఇంటిపేరుతో సహా మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు
డోరు నంబరు, వీధి, దగ్గరి గుర్తు
ఊరి పేరు, పక్కనే బి.ఓ.
కంకిపాడు ఎస్.ఓ.
కృష్ణా జిల్లా, పిన్‌కోడు

తండ్రి పేరు ఎందుకంటే ఊళ్ళో ఒకే పేరున్నవాళ్ళు ముగ్గురు నలుగురు ఉంటారు. గుర్తుగా “అపార్ట్‌మెంటు పక్కన” అంటే తెలియదు, “చెరువుగట్టు రావిచెట్టు ఎదురు సందు” అంటే పోస్టుమ్యాన్‌కే కాదు, 108 డ్రైవరుకీ తెలుస్తుంది.

చిరునామా కుదిరాక ఓటు మార్చుకోండి. ఇల్లు మారినవాళ్ళకి ఫారం 8. చాలామంది ఓటు పటమటలోనో వన్‌టౌన్‌లోనో అట్టిపెట్టుకుని ఇక్కడి రోడ్డు గురించి బాధపడుతుంటారు. గ్రామసభ సభ్యులంటే ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరున్నవాళ్ళే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి, ఉపాధి హామీ కింద ఏయే పనులు చేయాలో తీర్మానించడానికి. మా సభకి కొత్త కాలనీ నుంచి వచ్చినవాళ్ళు బాగా తక్కువ. లేచి నిలబడి అడిగినవాళ్ళ వీధి పేరే తీర్మానంలోకి ఎక్కింది. సభకి వెళ్ళినప్పుడు అన్నీ ఏకరువు పెట్టకండి. ఒక్క పని, ఎక్కడినుంచి ఎక్కడిదాకా, ఎన్ని ఇళ్ళకి పనికొస్తుందో కాగితం మీద రాసి, ఆ ఇళ్ళవాళ్ళ సంతకాలతో ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. పాత ఊరి పని ఒకటి కూడా కలిపి అడిగితే మీ మాటకి బలం. చెరువు దగ్గర లైటు అడగండి, అది అందరికీ కావాలి.

మనుషుల సంగతి కాగితాలంత తేలిక కాదు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన మిమ్మల్ని చూడగానే “మీదే ఊరు? ఇంటిపేరేంటి?” అంటాడు. విసుక్కోకండి. చాలామంది వరస కలుపుకోవడానికే అడుగుతారు. మీ అమ్మగారిది ఉయ్యూరు అనో పామర్రు అనో తెలిస్తే అక్కడ తమకున్న చుట్టాల్ని వెతికి, చివరికి మిమ్మల్ని ‘అమ్మాయ్’ అనో ‘అల్లుడు గారు’ అనో పిలవడం మొదలుపెడతారు. కులం తెలుసుకోవడానికే అడిగేవాళ్ళూ ఉన్నారు, ఉన్నమాట చెప్పాలి. అది నాకు నచ్చదు. అలాంటప్పుడు పుట్టిన ఊరి పేరు చెప్పి, వాళ్ళ మనవడి చదువు గురించి అడగండి. మాట అటు మళ్ళుతుంది.

గృహప్రవేశానికి పిలిచేటప్పుడు ఫోనులో కార్డు పంపి ఊరుకోకండి. ఊరు రాదు. భార్యాభర్తలిద్దరూ సాయంత్రం పూట కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, బొట్టుపెట్టి పిలవండి. భర్త పోయిన ఆడవాళ్ళ గడప దాటుకుని పోకండి. లోపలికి వెళ్ళి “పిన్నీ, మీరు తప్పకుండా రావాలి” అని నోరారా పిలవండి. మా వీధిలో అలా ఒక కొత్త కోడలు వచ్చి పిలిచినందుకు ఒక పెద్దావిడ రోజంతా అదే చెప్పుకుంది. చర్చి వీధిలో బొట్టు పెట్టించుకోనివాళ్ళకి నోటి పిలుపు చాలు. చెరువు అవతల పేటని మాత్రం వదిలిపెట్టకండి. మీ ఇంటికి ఇసుక, ఇటుకలు మోసినవాళ్ళు ఆ పేటవాళ్ళే. వాళ్ళని పందిట్లో అందరితో పాటు కూర్చోబెట్టి భోజనం పెట్టండి. ఎవరైనా మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

చావు కబురు వినపడితే ఆ రోజు తప్పకుండా వెళ్ళండి, పరిచయం లేకపోయినా సరే. మా వీధిలో శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు, టీవీ పెట్టరు. వెళ్ళినవాళ్ళు మాట్లాడాల్సిన పనేమీ లేదు, కాసేపు నిలబడితే చాలు. వచ్చేసేటప్పుడు “వెళ్ళొస్తాం” అనకూడదు, ఊరికే లేచి వచ్చేయాలి. దూరం నుంచి వచ్చిన చుట్టాలకి కాఫీ కాచి పంపితే ఆ ఇంటివాళ్ళు జీవితాంతం మర్చిపోరు.

పండగల చందాల గురించి నేను పెద్దగా చెప్పేది లేదు. శ్రీరామనవమి పందిరికీ, వినాయక చవితికీ పిల్లలు వస్తారు, ఇవ్వగలిగింది ఇవ్వండి. డబ్బుకన్నా పానకం కలపడానికి ఒక చెయ్యి ఎక్కువ అవసరం.

పాలు మాత్రం ఊళ్ళోనే పోయించుకోండి. ప్యాకెట్టుకీ దీనికీ ధరలో తేడా ఉంటుంది, ఉండనివ్వండి. గేదెలున్న ఇంటికి సాయంత్రం గిన్నె పట్టుకుని పిల్లలతో సహా నడిచి వెళ్ళండి. పాలు తీసేదాకా నలుగురూ అక్కడే నిలబడతారు. రేపు కరెంటు ఎప్పుడు తీస్తారో, ఏఎన్‌ఎం అమ్మ టీకాలకి ఎప్పుడొస్తుందో, ఎవరింట్లో అద్దెకి గది ఖాళీ అయిందో అన్నీ అక్కడే తెలుస్తాయి. ధనుర్మాసంలో గొబ్బెమ్మలకి పేడ కావాలన్నా ఆ ఇంటివాళ్ళే ఇస్తారు.

కోతలప్పుడు ధాన్యం రోడ్డు మీద ఆరబోస్తారు. హారన్ కొట్టకుండా పక్కనుంచి నెమ్మదిగా పోనివ్వండి. నూర్పుళ్ళ రోజుల్లో రాత్రిపూట ట్రాక్టర్ల మోత ఉంటుంది, వారం పది రోజులే. మబ్బు పట్టిన సాయంత్రం పట్టాలు కప్పడానికి పరుగెడుతుంటే మీరూ వెళ్ళి ఒక కొస పట్టుకోండి.

మీరు ఊరెళ్ళేటప్పుడు తాళంచెవి ఎదురింట్లో ఇచ్చి, ఎప్పుడు వస్తారో చెప్పి వెళ్ళండి. పోస్టాఫీసుకి కూడా ఒక మాట చెప్పండి. స్పీడ్ పోస్టు వస్తే మామూలుగా ఏడు రోజులు ఉంచుతాం, ఆ తర్వాత వెనక్కి పంపాల్సిందే. ఎదురింటివాళ్ళకి ఇవ్వమని ఒక కాగితం మీద రాసి, మీ సంతకం పెట్టి ఇస్తే వాళ్ళకే ఇస్తాం. ఆ కాగితంలో వాళ్ళ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి, ఫోను నంబరు మర్చిపోకండి.