మూలన పడ్డ పాత బండి – 4వ పాఠం: ముందు నంబరు, తర్వాతే కిక్కు

ఈ పాఠంలో మన పాత మోటారుసైకిలు ఇంజిన్ స్టార్టు చేద్దామని మాటిచ్చాను. ఈలోగా మూడో పాఠం చూసి పెట్రోలు ట్యాంకులో తుప్పు కడిగినవాళ్లు చాలామంది ఒకటే గోల: "కడిగినప్పుడు వెండిలా మెరిసింది, తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడింది." తప్పు నాదే. "నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లు పారబోసి కడిగి ఆరబెట్టండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను, నాకు అలవాటైన పని కదా అని. తుప్పు కరిగిపోయాక లోపల మిగిలేది ఒట్టి ఇనుము, దాని మీద నూనె లేదు, రంగు లేదు. తడి తగిలితే మనం చూస్తుండగానే తుప్పు పట్టడం మొదలవుతుంది. ఎండలో బోర్లించి మర్నాడు చూసుకుందాంలే అనుకుంటే అయినట్టే.

సరే, ఇలా చేయండి. పలచటి నిమ్మ ఉప్పు నీళ్లు ఇంకోసారి పోసి, ఆ ఎరుపు పోగానే పారబోయండి. వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మామూలు నీళ్లతో రెండుసార్లు గబగబా తొలిచి, పెట్రోలు కాక్ (కుళాయి) తీసిన కన్నం తెరిచే ఉంచి, మూత వైపు నుంచి హెయిర్ డ్రైయర్ పెట్టండి. ట్యాంకు బయట చెయ్యి పెడితే అన్ని వైపులా గోరువెచ్చగా తగలాలి, అప్పటిదాకా ఆపొద్దు. (లోపల పెట్రోలు వాసన ఏమాత్రం ఉన్నా డ్రైయర్‌ని దగ్గరికి రానివ్వకండి, ఇంకోసారి సబ్బు నీళ్లతో కడగండి.) వెంటనే అర గ్లాసు టూ స్ట్రోక్ ఆయిల్ పోసి ట్యాంకుని అటూ ఇటూ తిప్పి వంచేయండి. లోపల పూసే సీలర్ల గురించి అడిగారు. నాకు నచ్చవు. సరిగా అంటుకోని పూత ఊడి, పొరలు పొరలుగా వచ్చి కార్బురేటర్‌లో చిక్కుకుంటే దాన్ని తీయడం తుప్పు తీయడం కంటే పెద్ద పని.

ఇక అసలు విషయం. ఒకాయన ట్యాంకు ఎలాగూ ఊడింది కదా అని మొత్తం బండి విప్పేసి, ఫ్రేమ్‌ని ఇసుక కొట్టించి, పౌడర్ కోటింగ్ వేయించి ఫోటో పంపారు. అద్దంలా ఉంది. "ఫ్రేమ్ మీద నంబరు ఏది?" అని అడిగాను. రెండు రోజులు జవాబు లేదు.

మీలో ఎవరూ ఈ పని చేయకండి. రిజిస్ట్రేషన్ నియమాలు దేశానికో రకం, ఫారాలు వేరు, ఫీజులు వేరు. కానీ ఎక్కడికి పోయినా తనిఖీ చేసే మనిషి మొదట వంగి చూసేది ఫ్రేమ్ మీద నంబరే. తర్వాత ఇంజిన్ నంబరు. మీ ఇంజిన్ ఎంత కమ్మగా తిరుగుతుందో ఆయనకి అనవసరం. కాగితం మీద ఉన్న అంకె, ఇనుము మీద ఉన్న అంకె ఒకటి కావాలి, అంతే. ఆ అంకెలని ఇనుములోకి కొట్టిన పంచ్ దెబ్బలు అంత లోతుగా ఉండవు. ఇసుక కొడితే అంచులు మొద్దుబారతాయి, పైన మందపాటి పూత పడితే ఉన్న గుంట కూడా పూడిపోతుంది.

నా రెండో బండికి నేనే ఈ వెధవ పని చేశాను. డ్రిల్లుకి వైరు బ్రష్ తగిలించి స్టీరింగ్ మెడ దగ్గర ఒక్క నిమిషం పట్టాను, 6కి పైన ఉండే తోక అరిగి 0లా మారింది. ఆ ఒక్క తోక కోసం ఎనిమిది నెలలు తిరిగాను.

నంబరు చదవడానికి వైరు బ్రష్ వద్దు, గ్రైండర్ వద్దు, గరుకు కాగితం అసలే వద్దు. కిరోసిన్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో జిడ్డు తీయండి. రంగు పొరలుంటే పెయింట్ రిమూవర్ రాసి, అది బుడగలెత్తాక వెదురు పుల్లతో గీకండి. అప్పుడు గది చీకటి చేసి, టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి, ఇనుముకి దాదాపు ఆనించి వేయండి. ఎదురు వెలుగులో ఏమీ లేనట్టున్న చోట అంకెల నీడలు లేస్తాయి. 3 అనుకున్నది 8 అని అప్పుడు తెలుస్తుంది. పలచటి కాగితం పెట్టి పెన్సిల్ పడుకోబెట్టి రుద్దితే అచ్చు దిగుతుంది, దాన్ని దాచుకోండి.

కాగితానికీ ఇనుముకీ ఒక అంకె తేడా వచ్చిందా? ఎప్పుడో రాసిన గుమాస్తా చెయ్యి జారి ఉంటుంది, అది తరచూ జరిగేదే. దిద్దించాల్సింది కాగితాన్ని. ఇనుము మీద పంచ్ పెట్టి "కాస్త స్పష్టం" చేద్దామని మాత్రం అనుకోవద్దు. కొత్తగా కొట్టిన అంకె చూడగానే దొంగ బండి అనుకుంటారు, చాలాచోట్ల అది నేరం కూడా. ట్రయంఫ్ అనే బ్రిటిష్ బైకుల కంపెనీ వాళ్లు 1969 మోడల్ నుంచి ఇంజిన్ నంబరు కొట్టే చోట ముందే తమ పేరు చిన్నచిన్నగా అచ్చువేసి పెట్టారు. అక్కడ గీకితే ఆ అచ్చు పోయి గుట్టు బయటపడుతుంది.

ఇంకో గందరగోళం. కొన్ని ఫారాలు 17 అక్షరాల నంబరు అడుగుతాయి. ఆ పద్ధతి 1980ల నుంచి స్థిరపడింది, మీ బండి అంతకు ముందుది కాబట్టి ఐదారు అంకెలే ఉండొచ్చు. ముందు సున్నాలు పెట్టి నింపకండి, ఉన్నదే రాయండి. ఫ్రేమ్ నంబరు, ఇంజిన్ నంబరు వేరుగా ఉన్నా కంగారు వద్దు, 1960ల బిఎస్ఏ (ఇదీ బ్రిటిష్ కంపెనీయే) బళ్లు చాలావాటికి ఫ్యాక్టరీలోనే అవి వేరు. తయారైన సంవత్సరం, మోడల్ సంవత్సరం కూడా ఒకటి కాకపోవచ్చు. ట్రయంఫ్ నంబరు మొదట్లో XC అని ఉంటే బండి 1968 డిసెంబరులో తయారైంది, మోడల్ మాత్రం 1969.

స్టార్టు సంగతి క్లుప్తంగా. ప్లగ్గు, ఆయిలు, కొత్త పెట్రోలు గురించి రాయను, మీకు తెలుసు. ఆయిల్ ట్యాంకు వేరుగా ఉన్న ఫోర్ స్ట్రోక్ అయితే ఏళ్ల తరబడి ఆయిల్ మెల్లగా కిందికి దిగి క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు డబ్బా) నిండి ఉండొచ్చు, డ్రెయిన్ బోల్టు తీసి ఖాళీ చేయందే కిక్కు కొట్టొద్దు. టూ స్ట్రోక్ అయితే క్రాంక్ సీళ్లు (క్రాంక్ కడ్డీ చివర్ల ఉండే రబ్బరు రింగులు) గట్టిపడి గాలి పీలుస్తాయి. బండి స్టార్టయి, దానంతటదే రేసు పెంచుకుంటూ పోతే సీళ్లే అనుకోండి, వెంటనే ఆపేయండి, లేకపోతే పిస్టన్ పట్టేస్తుంది. పాయింట్లు (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు లాంటివి) నేనైతే 0.4 మిల్లీమీటర్ల ఎడానికి పెట్టి, విజిటింగ్ కార్డు ముక్క మధ్యలో దూర్చి లాగి తుడుస్తాను. పాయింట్ల బదులు పెట్టే ఎలక్ట్రానిక్ కిట్లు మంచివే అంటారు. దారిలో ఆగిపోతే మాత్రం పాయింట్లు చేత్తో బాగుచేసుకోవచ్చు.

అభ్యాసం: నంబరు మూడు రోజుల్లో మూడుసార్లు, మూడు వేరే కాగితాల మీద రుద్దండి. నిన్నటిది చూడకుండా చదివి రాసుకోండి. మూడూ కలిస్తేనే ఫారం ముట్టండి. ఈ మూడు రోజులూ ప్లగ్గు తీసి, సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ వేసి, గేరులో పెట్టి వెనక చక్రం చేత్తో మెల్లగా తిప్పుతుండండి. ఎక్కడైనా అడ్డు తగిలితే బలం పెట్టకండి, ఏ చోట ఆగిందో రాసి పంపండి, ఐదో పాఠం అక్కడినుంచి మొదలుపెడతాను.