పాత సైన్స్ ఫిక్షన్ చదివే ముందు ఏడాది చూడండి

పాత సైన్స్ ఫిక్షన్ నవల చేతికి రాగానే నేను అట్ట వెనక రాసింది చదవను. అది తొలిసారి ఏ సంవత్సరంలో అచ్చయిందో వెతికి, మొదటి పేజీ మీద పెన్సిలుతో రాసుకుంటాను. మీరూ అలాగే చేయండి. పునర్ముద్రణ సంవత్సరం చూసి పొరబడకండి.

ఆ ఏటికి మనుషులకు ఏమి తెలుసో ఆలోచించండి. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ రాసిన అంగారకుల దండయాత్ర నవల 'ద వార్ ఆఫ్ ద వరల్డ్స్' పుస్తకంగా వచ్చిన 1898లో, అంగారకుడి మీద కాలువలున్నాయని నమ్మిన ఖగోళ పరిశీలకులు ఉన్నారు. 1965లో అమెరికా అంతరిక్ష నౌక మారినర్-4 ఫొటోలు పంపాకే అక్కడి బంజరు నేలను దగ్గరగా చూశాం. అప్పటికి తెలియనిదాన్ని రచయిత తప్పుల కింద జమకట్టకండి.

తెలిసినదాని సంగతి వేరు. 1865లో ఫ్రెంచ్ రచయిత జూల్ వెర్న్ తన నవలలో ముగ్గురిని గుండులో కూర్చోబెట్టి, 900 అడుగుల ఫిరంగితో చంద్రుడి వైపు పంపాడు. గొట్టం దాటేలోపే సెకనుకు సుమారు 11 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే, లోపలివారి శరీరాల మీద వారి బరువుకు 20,000 రెట్లకు పైగా బలం పడుతుంది. లెక్క కట్టడానికి న్యూటన్ సూత్రాలు చాలు. కుదుపు ఉంటుందని వెర్న్‌కు తెలుసు, అందుకే గుండు లోపల వారి కాళ్ల కిందున్న నేల అడుగున నీళ్లు నింపించాడు. ఆ నీళ్లు వారిని కాపాడలేవు. అయినా సమస్యను గుర్తించి తనకు తోచిన పరిష్కారం వెతికిన ఆ పేజీలంటే నాకు ప్రాణం. ఇలాంటి చోట కాగితం తీసుకుని మీరూ లెక్క వేయండి, చదివే ఆనందం రెట్టింపవుతుంది.

అన్నిటికీ ఏడాదిని సాకుగా తీసుకోను. అమెరికన్ రచయిత ఐజాక్ అసిమోవ్ నవల 'ఫౌండేషన్' (1951)లో గెలాక్సీ అంతా నిండిన సామ్రాజ్యం ఉంది, మాట్లాడే స్త్రీలు మాత్రం దాదాపు లేరు. చుట్టూ ఉన్న స్త్రీలను చూడటానికి టెలిస్కోపు అక్కర్లేదు. అక్కడ నేను అంచున గీత పెట్టి ముందుకు వెళ్తాను.

వెర్న్‌ను ఇంగ్లిష్‌లో చదివేవారు కొత్త అనువాదాలు తీసుకోండి. తొలినాటి వాటిలో చాలా భాగాలు కోసేశారు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, ఇంగ్లిష్ రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ 1909లో ప్రచురించిన కథ 'ద మెషీన్ స్టాప్స్' అంటాను. ఒక్క పూటలో అయిపోతుంది. తల్లి భూగర్భంలో ఒక గదిలో, కొడుకు భూమికి అవతలి వైపు మరో గదిలో. అతను పిలుస్తాడు. ఆమె చేతిలోని గుండ్రటి పలక వెలగడానికి పదిహేను సెకన్లు పడుతుంది. ఆ కాస్త ఆలస్యానికే ఆమె విసుక్కుంటుంది. ఇందులో వీడియో కాల్‌ను ముందే ఊహించాడని మురిసిపోయి పేజీ తిప్పేయకండి. ఆ విసుగు దగ్గర ఆగి, మరోసారి చదవండి.