పార్లమెంటులో బిల్లు దారి – 5వ పాఠం: 113 ఎలా 96 అయింది?

ఒరిస్సా ఒడిశాగా, ఒరియా ఒడియాగా మారినప్పుడు పార్లమెంటుకు ఏ బిల్లులు వచ్చాయో, ఒక్కోదానికి ఎంత మెజారిటీ కావాలో రాయమని పోయినసారి అడిగాను. పర్లాకిమిడి, రాయగడ, జయపురం నుంచి వచ్చిన జవాబుల్లో చాలావాటిలో ఒకటే మాట: "113వ రాజ్యాంగ సవరణ, మూడింట రెండొంతుల ఓట్లు." అందుకే ఈసారి చెబుతానన్న స్టాండింగ్ కమిటీల సంగతి వాయిదా వేస్తున్నాను. ఇది తేలకుండా ముందుకెళ్లి లాభం లేదు.

అక్కడ నడిచినవి రెండు బిల్లులు. రాష్ట్రం పేరు మార్చేది రాజ్యాంగం 3వ అధికరణం కింద వచ్చింది. దానికి రాష్ట్రపతి సిఫారసు ఉండాలి, రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, ఆపైన సాధారణ మెజారిటీ, అంటే ఓటేసినవారిలో సగానికి మించి, చాలు. భాష పేరు రాజ్యాంగంలోని భాషల జాబితా అయిన ఎనిమిదో షెడ్యూలులో ఉంది కాబట్టి దానికి రాజ్యాంగ సవరణ పద్ధతి చెప్పే 368వ అధికరణం, ప్రత్యేక మెజారిటీ తప్పవు. రెండూ 2010 నవంబరులో లోక్‌సభ, 2011 మార్చిలో రాజ్యసభ దాటాయి. జంటగా నడిచాయి గనక చాలామంది ఒకటే అనుకున్నారు.

శాసనసభ అభిప్రాయం అంటే అనుమతి కాదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనం ఇది బాగా గుర్తుంచుకోవాలి.

ఇక నంబర్లు. 113 అన్నది బిల్లు నంబరు. చట్టమయ్యాక అది 96వ సవరణ. సభలో పెట్టిన వరుస ఒకటి, చట్టాలైన వరుస వేరొకటి. మధ్యలో వీగిపోయినవీ మురిగిపోయినవీ ఉంటాయి కనుక ఈ రెండు వరుసలూ చాలాసార్లు కలవవు. మహిళా రిజర్వేషన్ల 108వ బిల్లు 2010లో రాజ్యసభలో నెగ్గింది, 2014లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. 2023లో 128వ బిల్లుగా మళ్లీ వచ్చి 106వ సవరణ చట్టం అయింది. జీఎస్టీ బిల్లు 122, చట్టం 101. పోటీ పరీక్షల గైడ్లలో కూడా వీటిని కలిపేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. నేనైతే పక్కన 'బిల్లు' అనో 'చట్టం' అనో రాయకుండా నంబరు రాయను. మీరూ అలాగే చేయండి.

ప్రత్యేక మెజారిటీలో రెండు పరీక్షలున్నాయి, రెండూ దాటాలి. సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించాలి. హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులకు తగ్గకూడదు. 543 మంది లోక్‌సభలో 300 మందే ఓటేస్తే రెండొంతులు 200. కానీ 200 చాలదు, 272 రావాలి. 450 మంది ఓటేస్తే 300 రావాలి, అక్కడ 272 చాలదు. సభలో ఉండి ఓటేయనివారు రెండో లెక్కలోకి రారు.

1970లో రాజభరణాల (మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం ఇచ్చే భత్యాల) రద్దు బిల్లు రాజ్యసభలో ఈ రెండో పరీక్ష దగ్గరే ఆగింది. అనుకూలం 149, వ్యతిరేకం 75. మొత్తం 224లో రెండొంతులంటే 149.33, అంటే 150 ఓట్లు కావాలి. ఒక్క ఓటు తగ్గింది. రాజ్యాంగ సవరణకు ఉభయసభల సంయుక్త సమావేశం ఉండదు కాబట్టి ఆ బిల్లు కథ అంతటితో సరి. దాని నంబరు 24. 1971లో వచ్చిన 24వ సవరణ చట్టం పూర్తిగా వేరే విషయం. రాజభరణాలు పోయింది 26వ సవరణతో.

అభ్యాసం: రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న కొఠియా గ్రామాల దగ్గర ఒడిశా, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును మార్చడానికి పార్లమెంటులో బిల్లు పెట్టారనుకోండి. ఏ అధికరణం, ఎవరి సిఫారసు, ఏయే శాసనసభల అభిప్రాయం, ఏ మెజారిటీ? ప్రతి మెట్టుకూ కారణంతో ఒక పేజీ రాయండి. తర్వాత ఈ లెక్క: 245 మంది రాజ్యసభలో 180 మంది హాజరయ్యారు, 10 మంది ఓటేయలేదు. రాజ్యాంగ సవరణ నెగ్గడానికి కనీసం ఎన్ని ఓట్లు కావాలి? జవాబు అంకె ఒక్కటే పంపితే దిద్దను, లెక్క చేసిన కాగితం కూడా జతచేయండి.